ఓరియెంటేషన్‌లో అడ్వైజర్‌తో ఆ అరగంట: క్రెడిట్ల లెక్క కన్నా ముందు గణితం సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ఇది. మీ అబ్బాయి ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌లో చేరుతున్నాడు. జూన్ చివరి వారంలో రెండు రోజుల ఓరియెంటేషన్, అంటే కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమం, ఉంది. హైస్కూల్లో ఐదు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు (కళాశాల స్థాయి పాఠాల మీద పెట్టేవి, మార్కులు 1 నుంచి 5 వరకు) రాశాడు. మొదటి సెమిస్టర్ నుంచే 18 క్రెడిట్లు తీసుకుంటే మూడేళ్లలో డిగ్రీ పూర్తవుతుందని, ఒక ఏడాది ఫీజు మిగులుతుందని మీవారి ఆలోచన. మెడిసిన్ దారి కూడా మూసుకుపోకూడదని మీ కోరిక. అడ్వైజర్‌తో జరిగే సమావేశంలోకి తల్లిదండ్రులను రానివ్వరని విన్నారు. అబ్బాయి ఎక్కువగా మాట్లాడడు, చెప్పినదానికల్లా తల ఊపి వచ్చేస్తాడేమోనని మీ భయం.

నేను అమెరికాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పదిహేడేళ్లుగా అకడమిక్ అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం టెక్సాస్‌లోనే. వేసవి వస్తే నా పని అంతా కొత్త విద్యార్థులతో కూర్చుని వాళ్ల మొదటి సెమిస్టర్ కోర్సులు ఖాయం చేయడమే. మన తెలుగు పిల్లలను వందల్లో చూశాను. వాళ్ల తల్లిదండ్రులు బయట వసారాలో నిలబడి తలుపు వైపు చూస్తూ ఉండడమూ చూశాను. అందుకే మీ ప్రశ్నకు తీరిగ్గా జవాబు రాయాలనిపించింది.

ముందుగా సూటిగా చెబుతాను. మొదటి సెమిస్టర్‌లో 18 క్రెడిట్లు వద్దు. 14 లేదా 15 చాలు. ఆ అరగంటలో నిజంగా తేలవలసిన విషయం ఒక్కటే: మీ అబ్బాయి గణితం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి. మిగిలినవన్నీ తర్వాత సరిచేసుకోవచ్చు. గణితంలో పొరపాటు పడితే దాన్ని సరిచేయడానికి ఏడాది పడుతుంది.

మనం చదువుకున్న పద్ధతి వల్ల ఈ మాట వెంటనే మనసుకు ఎక్కదు. మనకు ఎంచుకోవడం అనేది ఒక్కసారే వచ్చింది, పదో తరగతి తర్వాత ఎంపీసీయా బైపీసీయా అన్నప్పుడు. ఆ పైన ఏ సంవత్సరంలో ఏ సబ్జెక్టు చదవాలో అచ్చు వేసిన సిలబస్సు చెప్పింది, మనం చదివాం. ఇక్కడ ప్రతి సెమిస్టర్‌నూ విద్యార్థి తానే కూర్చుకోవాలి. ఆ పని మనం ఎన్నడూ చేయలేదు కాబట్టి క్రెడిట్లను మార్కుల్లాగా చూస్తాం, ఎక్కువైతే మంచిదనుకుంటాం. క్రెడిట్ అంటే మార్కు కాదు, పనిగంటల కొలత. ఒక క్రెడిట్ అంటే సుమారు పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు బయట కనీసం రెండు గంటల చదువు అని ఇక్కడి ఫెడరల్ నిర్వచనం. 15 క్రెడిట్లంటే వారానికి 45 గంటలు. 18 అంటే 54. మొదటిసారి ఇల్లు విడిచి, తన బట్టలు తానే ఉతుక్కుంటూ, కొత్త ఊళ్లో స్నేహితులను వెతుక్కుంటున్న పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి అది చాలా బరువు. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు అన్నది ఇలాంటి సందర్భాలకే.

మరీ తక్కువ తీసుకోమని కూడా అనను. 12 క్రెడిట్లు ఉంటే పూర్తికాల విద్యార్థిగా లెక్కిస్తారు. కానీ డిగ్రీకి కనీసం 120 కావాలి. ప్రతి సెమిస్టర్‌లో 12 చొప్పున ఎనిమిది సెమిస్టర్లకు 96 మాత్రమే అవుతాయి, ఇంకా 24 మిగిలిపోతాయి. సగటున 15 ఉండాలన్నది ఈ లెక్క వల్లే.

ఇప్పుడు గణితం సంగతి. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఒక గొలుసు. మొదటి కాల్క్యులస్ లేకుండా రెండోది లేదు. వాటి మీద భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, లీనియర్ ఆల్జీబ్రా ఆధారపడతాయి. మరోవైపు మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు, దాని మీద డేటా స్ట్రక్చర్లు (సమాచారాన్ని ప్రోగ్రాములో అమర్చే పద్ధతులు), దాని మీద మూడో, నాలుగో సంవత్సరపు కోర్సులు దాదాపు అన్నీ. ఒక లంకె ఊడితే ఆ వెనుకవన్నీ ఆగిపోతాయి. డిగ్రీకి ఎన్నాళ్లు పడుతుందో తేల్చేది క్రెడిట్ల మొత్తం కాదు, ఈ గొలుసు పొడవు. మీవారి మూడేళ్ల లెక్కలో ఇదే జారిపోయింది. అమెరికా చరిత్ర, ప్రభుత్వం, ఆర్థికశాస్త్రం ఎన్ని ముందుగా పూర్తిచేసినా, ఒకదాని తర్వాత ఒకటిగా మాత్రమే చదవగలిగే కోర్సులు ఆరేడు సెమిస్టర్ల పొడవు ఉంటే డిగ్రీ అంతకన్నా ముందు పూర్తికాదు. మీ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ప్రణాళిక ఉంటుంది. అందులో ఏ కోర్సుకు ముందు ఏది కావాలో బాణపు గుర్తులతో చూపిస్తారు. ఓరియెంటేషన్‌కు వెళ్లేముందు మీ ముగ్గురూ కూర్చుని ఆ బొమ్మ ఒక్కటి చూడండి.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ మార్కుల విషయంలో రెండు వేర్వేరు నిర్ణయాలు ఉన్నాయి. చాలా కుటుంబాలు వాటిని ఒకటిగా కలిపేస్తాయి. పరీక్షకు క్రెడిట్ పొందడం ఒకటి. ఆ క్రెడిట్‌ను వాడుకుని పై కోర్సులో కూర్చోవడం మరొకటి. చరిత్ర, ఇంగ్లీషు, ప్రభుత్వం వంటి వాటిలో ఈ రెండూ ఒకటే, నిశ్చింతగా తీసుకోండి. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అందరూ చదవవలసిన కోర్ కరిక్యులమ్ 42 క్రెడిట్లు. అందులో అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వానికి 6. ఆ పరీక్షల్లో మంచి మార్కులు వస్తే అక్కడ కొంత బరువు తగ్గుతుంది. ప్రభుత్వం విషయంలో మాత్రం టెక్సాస్ రాజ్యాంగానికి సంబంధించిన భాగం చాలాచోట్ల మిగిలే ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

కాల్క్యులస్ అలాంటిది కాదు. మీ అబ్బాయి ఆ పరీక్షల్లో కాల్క్యులస్ బీసీ అనేది రాశానన్నాడని చెప్పారు. 5 వస్తే రెండు సెమిస్టర్ల కాల్క్యులస్‌కు క్రెడిట్ రావచ్చు, నేరుగా మూడో కాల్క్యులస్‌లో కూర్చోవచ్చు. కూర్చోవాలా వద్దా అన్నది మార్కును బట్టి కాకుండా చేతి పట్టును బట్టి నిర్ణయించాలి. మే నెలలో పరీక్ష రాశాక మూడున్నర నెలల పాటు అతను ఒక్క సమాకలనం కూడా చేసి ఉండడు. నేను చెప్పే ఉపాయం ఇది. చాలా విశ్వవిద్యాలయాల గణిత విభాగాలు పాత ఫైనల్ పరీక్షపత్రాలను తమ వెబ్‌సైటులో పెడతాయి. ఏ కోర్సును దాటవేయాలనుకుంటున్నాడో ఆ కోర్సు పాత ఫైనల్ పత్రం ఒకటి తీసుకుని, జులైలో ఒక ఉదయం, ఎవరి సహాయమూ లేకుండా, గడియారం పెట్టుకుని రాయమనండి. పదింట ఎనిమిది లెక్కలు సొంతంగా పడితే దాటవేయవచ్చు. సగం దగ్గర ఆగిపోతే క్రెడిట్ వచ్చినా ఆ కోర్సులోనే కూర్చోవడం మంచిది. దాటవేసి అవతల సి గ్రేడు తెచ్చుకున్న పిల్లలను చూశాను. తెలిసిన విషయమే మళ్లీ చదివి, మొదటి సెమిస్టర్‌లో ఎ తెచ్చుకుని, కళాశాల పరీక్షలు ఎలా ఉంటాయో నేర్చుకున్న పిల్లలనూ చూశాను. రెండో వాళ్లు ఏమీ పోగొట్టుకోలేదు. అయితే ఒక మాట. తెలిసిన కోర్సే కదా అని తరగతికి వెళ్లడం మానేస్తే మూడో వారంలో వెనుకబడతాడు, అది కూడా తరచుగా జరుగుతుంది.

కంప్యూటర్ సైన్స్ ఎ అనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష సంగతి కూడా ఇంతే. అది జావా భాషలో ఉంటుంది. మీ విశ్వవిద్యాలయం మొదటి కోర్సును పైథాన్‌లోనో సీ++లోనో చెబుతుంటే, దాన్ని దాటవేసినవాడు డేటా స్ట్రక్చర్ల కోర్సులో కొత్త భాషను, కొత్త విషయాన్ని ఒకేసారి నేర్చుకోవలసి వస్తుంది. అడ్వైజర్‌ను ఇది తప్పకుండా అడగమనండి.

తేదీల విషయంలో ఒక చిక్కుంది. ఆ పరీక్షల మార్కులు జులైలో వస్తాయి, మీ ఓరియెంటేషన్ జూన్‌లో. అంటే అడ్వైజర్ ముందు కూర్చునే రోజుకు మార్కులు ఉండవు. కంగారు పడకండి, మాకు ఇది అలవాటే. ఊహించిన మార్కును బట్టి ఒక కోర్సులో నమోదు చేసి, మార్కు రాగానే మారుస్తాం. మారుస్తామంటే మీ అబ్బాయి మాకు గుర్తుచేస్తేనే. మార్కు వచ్చిన రోజున అతను ఒక ఈమెయిలు రాయాలి. మార్కులను విశ్వవిద్యాలయానికి ఉచితంగా పంపించుకునే అవకాశం ఏడాదికి ఒక్క సంస్థకే, దాన్ని జూన్ 20లోగా, ఆ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డు సంస్థలోని తన ఖాతాలో ఎంచుకోవాలి. ఇంకా ఎంచుకోకపోతే ఈరోజే ఆ పని చూడమనండి.

విద్యార్థి ఏ గణితం కోర్సులో కూర్చోవాలో తేల్చడానికి విశ్వవిద్యాలయమే పెట్టే ప్లేస్‌మెంట్ పరీక్ష గురించి ఒక సంఘటన చెప్పాలి. చాలాచోట్ల ఈ పరీక్షను ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో రాస్తారు. కొన్నేళ్ల క్రితం ఒక తెలుగు కుర్రవాడికి అందులో చాలా మంచి ఫలితం వచ్చింది, కాల్క్యులస్‌లో వేశాను. అక్టోబరులో నా దగ్గరకు వచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: ఆ పరీక్ష రాసేటప్పుడు ఇంజినీరింగ్ చదివిన అన్నయ్య పక్కనే కూర్చున్నాడట. సాయం చేసినవాళ్లు ప్రేమతోనే చేశారు. కానీ ఆ పరీక్ష ప్రవేశానికి కాదు, ప్రవేశం అప్పటికే దొరికింది. డాక్టరు దగ్గర జ్వరం ఎంతుందో దాచిపెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ పిల్లవాడు ఆ కోర్సు వదిలేసి, వసంతకాలపు సెమిస్టర్‌లో దానికి ముందు మెట్టయిన ప్రీకాల్క్యులస్ చదివి, ఏడాది తర్వాత మళ్లీ కాల్క్యులస్‌కు వచ్చి గట్టెక్కాడు. మొదటే తన స్థాయిలో కూర్చుని ఉంటే ఆ అవమానం, ఆ ఏడాది రెండూ తప్పేవి. మీ అబ్బాయికి ఆ పరీక్ష ఉంటే దయచేసి గదిలో ఒంటరిగా వదిలేయండి.

ఇక మెడిసిన్. ప్రీ-మెడ్, అంటే మెడికల్ కళాశాలకు ముందు చదువు, ఒక మేజర్ (డిగ్రీలో ప్రధాన విషయం) కాదు, కొన్ని కోర్సుల సమాహారం. జీవశాస్త్రం, సాధారణ రసాయనశాస్త్రం, కర్బన రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, వీటిలో ఎక్కువ భాగం ల్యాబులతో సహా. ఏ మేజర్‌తోనైనా మెడికల్ కళాశాలకు దరఖాస్తు చేయవచ్చు, కంప్యూటర్ సైన్స్‌తో కూడా. కానీ ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ రెండూ కలిపి చదివిన ఎంబైపీసీ విద్యార్థులు మీకు గుర్తుంటే ఆ బరువు ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు. మొదటి సెమిస్టర్‌లో రెండు దారులనూ పూర్తిగా మొదలుపెట్టవద్దు. సైన్సు కోర్సు ఒకటి ఎలాగూ తీసుకోవాలి కాబట్టి అది ల్యాబుతో కూడిన సాధారణ రసాయనశాస్త్రం అయితే రెండు దారులూ తెరిచే ఉంటాయి. అది కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో సైన్సు అవసరం కింద లెక్కకు వస్తుందో లేదో మాత్రం అడగాలి. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్రెడిట్లను ఒక్కో మెడికల్ కళాశాల ఒక్కో విధంగా చూస్తుంది, కొన్ని ఆ సబ్జెక్టులో పై కోర్సు చదవమంటాయి. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కళాశాలలో (రెండేళ్ల స్థానిక కళాశాల) డ్యూయల్ క్రెడిట్ కోర్సులు, అంటే హైస్కూలుకూ కళాశాలకూ రెండింటికీ లెక్కయ్యేవి, చేసి ఉంటే ఆ గ్రేడ్లు కళాశాల గ్రేడ్లే, మెడికల్ దరఖాస్తులో అవి చూపించక తప్పదు.

ఒక విషయం కొంచెం చనువు తీసుకుని అడుగుతున్నాను. మెడిసిన్ కోరిక మీదని రాశారు. అబ్బాయి ఏమన్నాడో రాయలేదు. అడ్వైజర్ అతన్ని ఆ ప్రశ్న అడుగుతారు. అక్కడ మొదటిసారి ఆలోచించుకోవడం కన్నా ఇంట్లో మీతో మాట్లాడుకుని రావడం అతనికి తేలిక.

అడ్వైజర్ దగ్గరకు మిమ్మల్ని ఎందుకు రానివ్వరో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని అగౌరవంగా తీసుకుంటారు. 1974లో వచ్చిన ఫెర్పా అనే చట్టం ప్రకారం, విద్యార్థి కళాశాలలో చేరాక, వయసు పదిహేడే అయినా, చదువుకు సంబంధించిన రికార్డుల మీద హక్కు అతనిదే. సాధారణంగా అతని అనుమతి లేకుండా నేను గ్రేడ్ల గురించి మీతో మాట్లాడకూడదు. అతను సంతకం చేసి అనుమతి ఇవ్వవచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇంటి విషయం. అయితే చట్టం ఒక్కటే కారణం కాదు. ఒకసారి ఒక అమ్మాయి వచ్చింది. 17 క్రెడిట్ల పట్టిక ఇంట్లోనే తయారుచేసి తెచ్చుకుంది. చూడడానికి బాగానే ఉంది. వారానికి ఎన్ని గంటలు పనిచేస్తావని మామూలుగా అడిగాను. సొంత దుకాణంలో సాయంత్రాలు, శని ఆదివారాలు కలిపి ఇరవై గంటలు కూర్చుంటానని చెప్పింది. దాన్ని ఆమె పని అనుకోలేదు, వాళ్ల నాన్నగారూ అనుకోలేదు. ఇంటి దుకాణం కదా. 17 క్రెడిట్లకు 51 గంటలు, దుకాణానికి 20, రోజూ రాకపోకలు వేరు. మేమిద్దరం కలిసి దాన్ని 13కు తగ్గించాం. ఆ సాయంత్రం వాళ్ల నాన్నగారు నాతో మాట్లాడాలని వచ్చారు. అమ్మాయే తన వారం మొత్తాన్ని ఒక కాగితం మీద గంటల వారీగా గీసి ఆయనకు చూపించింది. ఆయన చాలాసేపు చూసి, శనివారానికి ఇంకొకరిని పెట్టుకుంటానన్నారు. నాన్నగారు పక్కన ఉండగా ఆ ఇరవై గంటల మాట బయటికి వచ్చేది కాదని నా నమ్మకం.

మీ అబ్బాయి మితభాషి కావడం లోపం కాదు. తల ఊపి వచ్చేస్తాడని మీరు భయపడుతున్నారు కాబట్టి, మీరు రాసిచ్చిన ప్రశ్నల జాబితా మాత్రం పంపవద్దు, దాన్ని నా చేతికిచ్చి మళ్లీ మౌనంగా కూర్చునే పిల్లలను చాలామందిని చూశాను. తన చేతిరాతతో మూడు ప్రశ్నలు రాసుకోమనండి. అతనికి ఏమీ తోచకపోతే ఇవి ఉపయోగపడతాయి: ఈ గణితం కోర్సు మీద తర్వాత ఏవేవి ఆధారపడతాయి? నేను తీసుకుంటున్న వాటిలో వసంతకాలంలో దొరకనివి ఏవి? సెమిస్టర్ మధ్యలో ఒక కోర్సు వదిలేయవలసి వస్తే మీరైతే ఏది వదలమంటారు? ఈ మూడో ప్రశ్న అడిగే విద్యార్థులు చాలా తక్కువ. అడిగితే అడ్వైజర్ ఆ పట్టికను మళ్లీ ఒకసారి శ్రద్ధగా చూస్తారు, ఏది మూలం, ఏది అదనం అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

వదిలేయడం గురించి టెక్సాస్‌లో ఒక ప్రత్యేక నిబంధన ఉంది. 2007 శరత్కాలం నుంచి ప్రభుత్వ కళాశాలల్లో మొదటిసారి చేరినవాళ్లు డిగ్రీ మొత్తంలో ఆరు కోర్సులకు మించి వదలకూడదు. అయితే తరగతులు జరిగే రోజులను మొదటి నుంచి లెక్కపెడితే వచ్చే పన్నెండో రోజులోగా వదిలితే అది ఈ లెక్కలోకి రాదు, ట్రాన్‌స్క్రిప్టు (గ్రేడ్ల అధికారిక పట్టిక) మీద కూడా కనిపించదు. అందుకని ఆ తేదీని ఆగస్టులోనే ఫోనులో గుర్తుపెట్టుకోమనండి. 18 క్రెడిట్లతో మొదలుపెట్టి కష్టమైతే వదిలేద్దాం అనుకునేవాళ్లు అక్టోబరు దాకా ఆగి, ఈ ఆరింటిలో రెండు మొదటి ఏడాదే ఖర్చుచేసుకుంటారు.

మీ కుటుంబం ఏ వీసా మీద ఉందో రాయలేదు. అబ్బాయి ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదువుతుంటే, లేదా హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడినది) మీద ఉండి 21 ఏళ్లు నిండేలోపు ఎఫ్-1కు మారవలసి ఉంటే, లెక్క వేరుగా ఉంటుంది. ఎఫ్-1 మీద డిగ్రీ చదివేవాళ్లు సెమిస్టర్‌కు 12 క్రెడిట్ల కన్నా తగ్గకూడదు. ఆ లెక్కలోకి ఆన్‌లైన్ తరగతి ఒక్కటే, మూడు క్రెడిట్ల వరకే వస్తుంది. తగ్గించుకోవలసిన పరిస్థితి వస్తే కోర్సు వదలకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని అధికారి అనుమతి తీసుకోవాలి, వదిలాక కాదు. అడ్వైజర్ చెప్పారని వదిలేశామంటే చెల్లదు. నేను కూడా ఇలాంటి విద్యార్థులను ముందు ఆ కార్యాలయానికే పంపుతాను.

మూడేళ్ల ఆలోచనను నేను పూర్తిగా కొట్టిపారేయడం లేదు. ఫీజు భారం నిజమైనది, దాన్ని తేలికగా తీసుకునే హక్కు నాకు లేదు. కానీ కంప్యూటర్ సైన్స్‌లో వేసవి ఇంటర్న్‌షిప్‌ల ద్వారానే చాలామందికి మొదటి ఉద్యోగం వస్తుంది. నాలుగేళ్లయితే మధ్యలో మూడు వేసవులు, మూడేళ్లయితే రెండే. చాలా కంపెనీలు వచ్చే వేసవి కోసం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఎంపికలు మొదలుపెడతాయి. ఆ వేళకు రెండో సంవత్సరం విద్యార్థి చేతిలో ఉండేది మొదటి సంవత్సరపు జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, మాత్రమే. మూడున్నరేళ్లలో ముగించడం చాలామందికి సాధ్యమయ్యే మధ్యేమార్గం. ఆ నిర్ణయం ఇప్పుడే అవసరం లేదు. మొదటి ఏడాది గ్రేడ్లు చూశాక తీసుకోవచ్చు.

నన్ను అడిగితే అతని మొదటి సెమిస్టర్ ఇలా ఉండాలి: ఒక గణితం, ఒక ప్రోగ్రామింగ్, ల్యాబుతో ఒక సైన్సు, చదివి రాయవలసిన కోర్సు ఒకటి. ఆ నాలుగో కోర్సును మాత్రం అతనికి ఇష్టమైన విషయంలో ఎంచుకోనివ్వండి, సంగీత చరిత్ర కావచ్చు, ఖగోళం కావచ్చు. ఇవన్నీ కలిపి 14 వరకు వస్తాయి.

వెళ్లేముందు ఒక చిన్న పని మీరు చేయగలరు. టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులకు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు వ్యాధి) టీకా తప్పనిసరి. అది గత ఐదేళ్లలోపుది అయి ఉండాలి, తరగతులకు కనీసం 10 రోజుల ముందు వేయించి ఉండాలి. పదహారో ఏట వేయించిన బూస్టరు సాధారణంగా సరిపోతుంది. ఆ కాగితం అందకపోతే రిజిస్ట్రేషన్‌కు అడ్డు పడుతుంది. అప్పుడు అడ్వైజర్ గదిలోని అరగంటలో సగం ఫోనులో పాత టీకా కార్డు ఫొటో వెతకడానికే పోతుంది. పదకొండేళ్లప్పటి కార్డు పట్టుకుని వచ్చేవాళ్లు ప్రతి వేసవిలో ఉంటారు. డ్యూయల్ క్రెడిట్ ఉంటే ఆ కమ్యూనిటీ కళాశాల ట్రాన్‌స్క్రిప్టు కూడా ముందే పంపించాలి, హైస్కూలు పంపుతుందని అనుకోవద్దు. ఓరియెంటేషన్‌లో కోరుకున్న తరగతి నిండిపోయి కనిపిస్తే వెయిట్‌లిస్టులో పేరు పెట్టుకుని, ఫీజు గడువు దాటిన మర్నాడు మళ్లీ చూడమనండి, కట్టనివాళ్ల సీట్లు అప్పుడు ఖాళీ అవుతాయి.

కాల్క్యులస్ మొదటి పరీక్ష సాధారణంగా నాలుగో, ఐదో వారంలో ఉంటుంది. ఆ వారం ఫోను చేసినప్పుడు మార్కు ఎంత అని కాకుండా, ట్యూటరింగ్ కేంద్రం ఎక్కడుందో చూశావా అని అడగండి.

జులైలో ఆ ఐదు పరీక్షల మార్కులు వచ్చాక, పాత ఫైనల్ పత్రంలో ఎన్ని లెక్కలు పట్టాయో చూసుకున్నాక, ఆ వివరాలు నాకు రాయండి. ఏ గణితంలో కూర్చోవాలో కలిసి ఆలోచిద్దాం. మీ బదులు అతనే రాస్తే ఇంకా సంతోషం. తెలుగులో రాయడం కష్టమైతే ఇంగ్లీషులో రాసినా ఫరవాలేదు.